తూము మీద విమానం

“మా మగ్గం గుంతల్లోకి నీళ్లు తోలింది వాన కాదప్పా, మీరు! మునిసిపాలిటీ కుర్చీలకు అతుక్కోని కూర్చున్న మెంబర్లు, ఇంజనీర్లు, కంట్రాక్టర్లు, అందరికన్నా ముందు నువ్వు, చైర్మన్ సారూ! ముంచింది మీరు. ఇప్పుడు కూల్చేకి వచ్చిందీ మీరే!”

రామసుబ్బమ్మ మోకాళ్ల దాకా తడిసిన చీరతో వీధి మధ్యలో నిలబడి అరిచింది. చేతిలో బక్కెట. బక్కెటలో ఎర్రటి బురదనీళ్లు. వాటిని చైర్మన్ కాళ్ల ముందు గుమ్మరించింది. కాళ్ల మీదే పోయాలని ఉండింది. పోయలేదు.

చైర్మన్ గంగాధరప్ప ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. నీళ్లు తన బూట్లను చుట్టుకొని పల్లానికి పోతుంటే అటే చూస్తూ నిలబడ్డాడు. మనిషి పొడుగు. అరవైకి దగ్గర పడినా నడుము వంగలేదు. పుట్టింది ఈ వీధిలోనే, మగ్గం నేసేవాడి ఇంట్లో. యుద్ధవిమానాలు నడిపాడు. కార్గిల్ యుద్ధంలో మంచుకొండల మీద బాంబులు వేసి తిరిగొచ్చాడు. రిటైరయ్యి సొంత ఊరికొచ్చి చైర్మన్ అయ్యాడు. పేపర్లో వింగ్ కమాండర్ అని రాస్తారు, ఊళ్లో పైలెట్ గంగాధరప్ప అంటారు. రామసుబ్బమ్మకు మాత్రం ఈ పొద్దు ఇతను తన గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ మార్కు వేయించిన మనిషి.

అట్లాంటి మార్కు ఈ కింద వీధిలో తొమ్మిది ఇండ్ల మీద ఉంది. వాననీళ్లు పోవడానికి కొత్త కాలువ తవ్వుతారట. అది ఈ తొమ్మిది ఇండ్ల మీదుగా పోతుందట. ఈ ఎర్రమిట్ట ఊళ్లో వాన పడేదే తక్కువ. ముదిగుబ్బ నుంచి ధర్మవరం దాకా ఎవరిని అడిగినా వాన మొగులు మొహం చూసి ఎన్నాళ్లయిందో చెబుతారు. అట్లాంటి ఊళ్లో రెండేండ్ల నుంచి పడితే ఒక్కసారిగా పడుతోంది. పడిన ప్రతిసారీ నీళ్లు కింద వీధికే వస్తున్నాయి. నేత మగ్గం మంచం కాదు, ఎత్తుకుపోయి ఇంకో చోట వాల్చుకోవడానికి. నేల తవ్వి గుంత చేయాలి. ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని నేయాలి. బాడుగ ఇంట్లో గుంత తవ్వుకోనిచ్చే మారాజు ఈ ఊళ్లో ఒక్కడూ లేడు. ఇల్లు పోతే మగ్గం పోయినట్టే. మగ్గం పోతే రామసుబ్బమ్మకు, ఆమె మొగుడు కేశవులుకు ఇంకో పని చేతగాదు.

“మాట్లాడు సార్. నోట్లో ఏముండాది?”

చైర్మన్ పక్కన ఉన్న మునిసిపల్ ఇంజనీరు సుజాత ముందుకొచ్చింది. “అమ్మా, ఇది ఇంకా సర్వేనే. ఏదీ ఖాయం కాలేదు.”

“సర్వేకు రంగెందుకమ్మా? గోడలకు పెయింటు పూసి సర్వే చేసేది యా కాలేజీలో నేర్పించినారు నీకు?”

పక్కింటి చిన్నక్క పెద్దగా నవ్వింది. “పెయింటు పూసినోళ్లు సున్నం కూడా కొట్టిపోతే దసరా పని తీరిపోవునే!” అంది. వీధి నవ్వింది. సుజాత కూడా నవ్వబోయి ఆపుకుంది.

గంగాధరప్ప వంగి బూట్లు విప్పాడు. మేజోళ్లు కూడా విప్పి బూట్లలో కుక్కాడు. ఎవరినీ అడక్కుండా రామసుబ్బమ్మ ఇంట్లోకి నడిచాడు. ఆమె బక్కెట ఊపుకుంటూ వెనకే పరుగెత్తింది.

లోపల కేశవులు గుంతలో నిలబడి చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. చైర్మన్‌ను చూసి లుంగీ కిందికి దించుకోబోయాడు. లుంగీ నీళ్లలో పడింది. “గంగాధరప్పా, నువ్వెందుకు ఈడికి...” అన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

“పైకి రా కేశవా. నేను దిగుతా.”

దిగాడు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. నేసేవాడు కూర్చునే చోట కూర్చొని, కాళ్లతో తొక్కే పలకలు బురదలో ఎక్కడున్నాయో వెతికాడు. కాళ్లు వాటంతట అవే దొరకబుచ్చుకున్నాయి. ఒకటి నొక్కాడు. పైన మగ్గం మూలిగింది. చెయ్యి చాపి, సగం నేసిన చీరకు అవతల సాగదీసి ఉన్న పట్టు పోగుల పడుగు కింద వెనక చేత్తో తాకి చూశాడు. తడి చూసేటప్పుడు నేతగాళ్లు అరచెయ్యి పెట్టరు. చెమట అంటుతుందని వెనక చెయ్యి పెడతారు.

“నీళ్లు ముందు యాడనుంచి వచ్చినాయి వదినా? వాకిట్లోనుంచా, గోడ కిందనుంచా?”

“గోడ కింద ఊరినాయి ముందు. తర్వాత వాకిట్లోనుంచి దుమికినాయి.”

“ఎంతసేపటికి?”

“చీర కుచ్చెళ్లు దోపుకొనేంత సేపు కూడా పట్టలేదు.”

అతను తల ఊపాడు. పైకి వచ్చి బురద కాళ్లతోనే బయటికి పోయి, బూట్లు చేత్తో పట్టుకొని వీధి చివరి దాకా అట్లే నడిచాడు. ఇల్లు ఉంటుందనీ చెప్పలేదు, పోతుందనీ చెప్పలేదు.

“చూస్తివా?” అంది రామసుబ్బమ్మ. “గుంత లోతు కొలుచుకోని పోయినాడు. కాలువ ఎంత తవ్వాలో లెక్క సూసుకొనేకి.”

“గంగడు అట్లాంటోడు కాదే.”

“నీకు నిక్కర్లేసుకున్నప్పటి గంగడు తెలుసు. ఈయప్ప చైర్మనయ్యా. కాళ్లు మాత్రమే మనోళ్లవి.”

*

మరుసటి పొద్దున కేశవులు తడి ఆరడానికి గుంతలో బూడిద చల్లి ఒక బల్బు వేలాడదీశాడు. బూడిద ముద్దలు కట్టింది. మళ్లీ చల్లాడు. రామసుబ్బమ్మ పడుగు ముందు కూర్చుంది. పట్టు తడిస్తే పోగూ పోగూ అతుక్కుంటాయి. లాగితే తెగుతాయి. నోటితో మెల్లగా ఊదుతూ, గోటితో ఒక్కో పోగు విడదీయాలి. గట్టిగా ఊపిరి విడిస్తే కూడా పాడే. కోపంగా ఉన్న మనిషి చేయాల్సిన పని కాదది. ఆమె కోపాన్ని పక్కన పెట్టి చేసింది, పోగు విడిపోగానే మళ్లీ తెచ్చుకుంది.

చిన్నక్క వాకిట్లోనుంచి తొంగి చూసింది. “పైలెట్ నీళ్ల ట్యాంకు ఎక్కినాడు మల్ల. ఆ ఇంజనీరమ్మ కూడా ఎక్కింది పాపం, కొంగు అడ్డం పెట్టుకోని. చెవులకు పైగాలి తగలందే నిద్ర పట్టదేమో ఆయప్పకు.”

“ఏం సూస్తాండాడు?”

“మన వీధి సూస్తాండాడు. ఇట్ల చెయ్యి చాపి చూపిస్తాండాడు.” చిన్నక్క చెయ్యి చాపి నరుకుతున్నట్టు గాల్లో ఒక గీత గీసింది. “ఈ కొననుంచి ఆ కొనకు.”

రామసుబ్బమ్మ గోటి కింద పోగు తెగింది.

ఆ గీత గురించే ఆలోచిస్తూ తెగిన పోగు ముడి వేస్తుండగా శశి వచ్చాడు. శశి మునిసిపాలిటీలో వైస్ చైర్మన్, ఊళ్లో పట్టుచీరల వ్యాపారి. కింద వీధిలో ఏ ఇంట్లో మగ్గం మీద పడుగు చూసినా అది శశి అంగడిదే. అతనిచ్చిన పట్టు, అతనిచ్చిన జరీ, అతనిచ్చిన డిజైను. వీళ్లవి చేతులు. అట్లాంటి మనిషి ఎప్పుడూ గడప దాటి లోపలికి రాడు, వాకిట్లోనే నిలబడి కేకేస్తాడు. ఈ పొద్దు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“అక్కా, చాయ్ ఉంటే కొంచెం పోయి.”

కేశవులు హడావిడిగా గ్లాసు కడిగాడు. రామసుబ్బమ్మ పడుగు మీదనుంచి కళ్లు తిప్పలేదు. ‘చాయ్‌కి వచ్చే మొహం కాదే ఇది’ అనుకుంది.

“తడి ఆరుతాదిలే అక్కా, పడుగు గురించి మీరు బెంగపడొద్దు, నేను చూసుకుంటా” అన్నాడు శశి. “ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. నేను చెప్పినానని మాత్రం అనొద్దండి. నీళ్లు మీ వీధికెందుకు వస్తాండాయో తెలుసునా? బస్టాండు సర్కిల్‌లో పాతకాలం తూము ఒకటి ఉండె. మిట్ట మీదనుంచి వచ్చే వంక నీళ్లు ఆ తూములోనుంచి రోడ్డు దాటి ఊరవతలికి పోతుండె. ఇప్పుడు ఆ తూము నెత్తిన ఏముండాది?”

రామసుబ్బమ్మకు తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ నోటితో అనలేదు. తూము నెత్తిన సిమెంటు దిమ్మె ఉంది. దిమ్మె మీద ముక్కు పైకెత్తుకొని యుద్ధవిమానం ఉంది. మూడేండ్ల కిందట, గంగాధరప్ప చైర్మన్ అయిన కొత్తలో, ఎయిర్‌ఫోర్సు వాళ్లను అడిగి తెప్పించారు. దిమ్మెకు పునాది గట్టిగా ఉండాలని తూములో రాళ్లు నింపారు. నింపింది కంట్రాక్టరు కూలోళ్లు కాదు. కింద వీధి జనమే శ్రమదానం చేసి నింపారు. ఆ వంకలో నీళ్లు పారంగ చూసిన పిల్లోడు ఊళ్లో ఒక్కడు లేడు. ఎండిన వంక ఎప్పటికీ ఎండే ఉంటుందనుకున్నారు. కరువు నేల మీద పుట్టినోళ్లకు నీళ్లు వస్తాయనే అనుమానం రాదు. రామసుబ్బమ్మ కూడా గంప మోసింది. ఆవిష్కరణ నాడు విమానం మీద కప్పడానికి ఎర్రంచు పట్టుగుడ్డ కూడా ఆమె మగ్గం మీదే నేశారు.

“ఆ ఏరోప్లేను తీస్తే కాలువే అక్కర్లేదు” అన్నాడు శశి చాయ్ ఊదుకుంటూ. “కానీ తీస్తాడా? ఆయప్ప బొమ్మ అది. దాన్ని కాపాడుకునేకి మీ తొమ్మిది ఇండ్లు తీస్తాడు. అందుకే ట్యాంకులు ఎక్కి దిగుతాండాడు. ఎల్లుండి కౌన్సిల్ మీటింగు. మీరందరూ రాండి. ఆయప్ప మొగం మీదే అడగండి. నేను మీ పక్క ఉంటా.”

అతను పోయాక కేశవులు గ్లాసు పట్టుకొని అట్లే నిలబడ్డాడు. “శశి మనకోసం ఇంత దూరం...”

“మనకోసమా? ఇంతమటుకు ఆ స్టూలు ఎట్లుంటాదో కూడా చూడనోడు. ఏదో ఉండాది దీంట్లో.”

“నీకు అందరి మీదా అనుమానమే.”

“ఇల్లు నాది కదా.”

మధ్యాహ్నం ఆమె బస్టాండు సర్కిల్‌కు నడిచింది.

విమానం ఎండలో తెల్లగా మెరుస్తోంది. దాని రెక్క కింద జొన్నపొత్తులు కాల్చేవాడు నీడకు కూర్చున్నాడు. రామసుబ్బమ్మ దిమ్మె చుట్టూ తిరిగి ఎగువ పక్క పల్లంలోకి దిగింది. తుమ్మకంప పక్కకు తోస్తే తూము నోరు కనపడింది. రాళ్లు, సిమెంటు, ప్లాస్టిక్ కవర్లు, నిన్నటి బురద. నీళ్లు ఇక్కడి దాకా వచ్చి, దారి లేక ఎడమకు తిరిగి, కింద వీధి వైపు ఒక కొత్త గాడి కోసుకున్నాయి. ఇంత తేటగా కనపడుతుందని అనుకోలేదు ఆమె. రోడ్డు దాటి దిగువ పక్కకు పోయింది. అక్కడ పాత వంక ఉండాల్సిన చోట వరసగా అంగళ్లు ఉన్నాయి. కొత్తవి, ఇంకా షట్టర్లకు రంగు కూడా ఆరలేదు. వాటి వెనకగోడ సరిగ్గా వంక మధ్యలో దిగింది. అంగళ్లు శశివి.

తూము తెరిస్తే నీళ్లు పోయి తగిలేది ఆ గోడకే.

‘అంటే ఇద్దరూ ఇద్దరే’ అనుకుంది. ‘ఒకడికి ఏరోప్లేను కావాల, ఒకడికి అంగళ్లు కావాల. నడుమ మా ఇండ్లు ఖాళీగా కనపడినాయి.’

మళ్లీ ఇవతలికి వచ్చేసరికి తూము దగ్గర మనిషి ఉన్నాడు. గంగాధరప్ప. ప్యాంటు మడిచి బురదలో కూర్చొని, భుజం దాకా చెయ్యి తూములోకి దోపి తడుముతున్నాడు. ఒంటరిగా ఉన్నాడు. దొంగతనంగా చేసే పనిలాగే ఉంది చూడ్డానికి.

“ఏం దాపెడతాండావు ఆడ?” అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. చెయ్యి బయటికి తీశాడు. మోచేతి దగ్గర గీరుకుపోయి రక్తం వస్తోంది. “లోపల ఎంత దూరం పూడిందో చూస్తాండా వదినా.”

“ఇది నువ్వు తోలిన ఏరోప్లేనా?”

“కాదు. ఇట్లాంటిది కూడా కాదు. ఎవరో తోలింది. పనికిరాదని పక్కన పారేసిందాన్ని మనోళ్లు అడిగి తెచ్చుకున్నారు.”

“వద్దనలేదా నువ్వు?”

“అనలేదు.”

“నచ్చింది నీకు.”

“నచ్చింది” అన్నాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఆ జవాబు ఆమెకు మింగుడుపడలేదు. అబద్ధం చెబుతాడని సిద్ధపడి వచ్చింది. నిజం చెబుతుంటే ఇంకా అనుమానం వచ్చింది.

“బాంబులు ఏసేటప్పుడు కింద ఎవరుండారో కనపడతారా?”

“కనపడరు.”

“అందుకేనా మా వీధిని ట్యాంకు ఎక్కి సూస్తాండేది?”

గంగాధరప్ప తూము ముందునుంచి లేచాడు. జొన్నపొత్తులవాడు విసనకర్ర ఆపి ఇటే చూస్తున్నాడు. చైర్మన్ అన్నాడు, “ఎల్లుండి మీటింగుకు రా వదినా. అందరినీ పిల్చుకోని రా.”

శశి అన్న మాటే. ఇతని నోట కూడా. రామసుబ్బమ్మ కొంగు దోపుకుంది. ఇద్దరూ ఒకే చోటికి తోలుతున్నారంటే అక్కడ ఏదో గుంత తవ్వి పెట్టే ఉంటారని అనుకుంటూ ఇంటికి నడిచింది.

*

కౌన్సిల్ హాలు తలుపు దగ్గర తొమ్మిది ఇండ్ల వాళ్లూ నిలబడ్డారు. లోపల మెంబర్లు, గోడకు ఫ్యాన్లు, బల్లల మీద జీడిపప్పు పొట్లాలు. కమిషనరు అజెండా చదివాడు. కింద వీధి గుండా వరదకాలువ, తొమ్మిది ఇండ్ల తొలగింపు. చదవడం అయ్యాక శశి తలుపు వైపు చూసి రామసుబ్బమ్మకు కళ్లతోనే సైగ చేశాడు, అడుగు అన్నట్టు.

ఆమె గొంతు సవరించుకునే లోపల చైర్మన్ లేచాడు. మోచేతికి కట్టు ఉంది.

“ఈ కాలువ అక్కర్లేదు” అన్నాడు. “సర్కిల్‌లో తూము పూడ్చడం తప్పు. కొబ్బరికాయ కొట్టింది నేను. విమానాన్ని దించి, దిమ్మె పగలగొట్టి, తూము తెరవాలని ప్రతిపాదిస్తున్నా. దిగువన వంకలో కట్టిన గోడ కూడా తీయాలి. ఎవరిదైనా సరే. చేతులు ఎత్తండి.”

రామసుబ్బమ్మకు తాను తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే చల్లారిపోయాయి. గొడవకు వచ్చిన మనిషికి తలుపు తెరిచి రమ్మంటే ఎట్లుంటుందో అట్లుంది.

చైర్మన్ ఏరోప్లేను వదలడనీ, వీధి కోపమంతా అతని మీదికే పోతుందనీ లెక్కేసుకున్న శశి మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. అంతే. లేచి బల్ల మీద గుద్దాడు.

“ఏమంటాండావు సార్? ఏరోప్లేను తీసేదా? దేశం కోసం ప్రాణం ఇచ్చేకి పోయిన మనిషి గుర్తు అది! అనంతపురం నుంచి గుంతకల్లు దాకా మన ఊరి పేరు చెప్తే ఆ ఏరోప్లేను పేరు చెప్తారు. నువ్వు పెద్దమనసుతో వద్దంటావు. మేము ఒప్పుకోము. దాన్ని ముట్టుకోవాలంటే ముందు మా మీద నడవాల!”

మెంబర్లు బల్లలు చరిచారు.

“ఏమప్పా శశీ!” రామసుబ్బమ్మ తలుపు పట్టుకొని అరిచింది. “మొన్న మా ఇంట్లో చాయ్ తాగి ఏమన్నావు? ఏరోప్లేను తీస్తే కాలువే అక్కర్లేదన్నావా లేదా? చాయ్ ఇంకా అరగలే, మాట అరిగిపోయిందా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. శశి ఆమె వైపు చూడలేదు. ఆమె వెనక నిలబడ్డవాళ్ల వైపు చూశాడు, ఒక్కొక్కరి మొహం. తన పడుగులు ఎవరెవరి మగ్గాల మీద ఉన్నాయో ఆ చూపులో ఉంది.

“కింద వీధి అన్నలారా” అన్నాడు మెత్తగా, “మీరే చెప్పండి. మీ వీధి బిడ్డ గౌరవం తీసి బురదలో పెడదామా? మీకు వేరే చోట జాగాలు నేను ఇప్పిస్తా. దేశం ముఖ్యమా, గోడలు ముఖ్యమా?”

వెనక ఒకడు చప్పట్లు కొట్టాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత మగవాళ్లందరూ. రామసుబ్బమ్మ తల తిప్పింది. చిన్నక్క చేతులు కట్టుకొని ఉంది. చిన్నక్క మొగుడు కొడుతున్నాడు. వాడి పక్కన కేశవులు. మగ్గం మీద నాడెతాడు లాగీ లాగీ గట్టిపడిన ఆ రెండు చేతులు ఒకదానికొకటి తగులుతున్నాయి. చప్పుడు పెద్దగా లేదు. కానీ తగులుతున్నాయి.

ఓట్లు అడిగారు. చైర్మన్ ప్రతిపాదనకు అనుకూలంగా లేచిన చెయ్యి ఒక్కటే, కట్టు కట్టిన చెయ్యి. కాలువ తీర్మానం పాసయింది. జేసీబీ మరుసటి రోజే వస్తుందని కమిషనరు చెప్పాడు. మొగులు మళ్లీ కమ్ముతోంది కాబట్టి ఆలస్యం కూడదన్నాడు.

దారి పొడుగునా రామసుబ్బమ్మ మొగుడితో మాట్లాడలేదు. ఇంటి గడప దగ్గర ఆగింది.

“ఎందుకు కొట్టినావు?”

“అందరూ కొట్టినారు.”

“పడుగు పీక్కోని పోతాడని కదా?”

“అదీ ఉండాది.” కేశవులు గడప మీద కూలబడ్డాడు. “అదొక్కటే కాదు సుబ్బీ. నేను యాడికన్నా పోయి ఎర్రమిట్ట అంటే, ఆ ఏరోప్లేను ఊరా అంటారు. అవునంటా. మా వీధి పిల్లోడే అంటా. మగ్గంలో కూర్చున్నోడికి అది కూడా లేకపోతే ఇంకేముండాది?”

“ఇల్లుండాది. రేపటి దాకా.”

ఆమె లోపలికి పోయి పడుగు ముందు కూర్చొని మిగిలిన పోగులు విడదీయడం మొదలుపెట్టింది. రేపు కూల్చే ఇంట్లో ఈ పని ఎందుకని ఆమెను ఎవరూ అడగలేదు.

*

పొద్దున జేసీబీ వీధి మొదట్లోకి వచ్చి ఆగింది. వెనక సుజాత, పోలీసులు ఇద్దరు. అడ్డంగా ఆడవాళ్లు కూర్చున్నారు. చిన్నక్క ముందు వరసలో రోలు పెట్టుకొని మరీ కూర్చుంది. పచ్చడి నూరుతోంది. “మిరపకాయ కంట్లో పడితే నా పూచీ కాదు నాయనా” అని పోలీసాయనతో అంటోంది. మగవాళ్లు గోడల పక్కన నిలబడి ఉన్నారు. ఎటు చూడాలో తెలియక జేసీబీ టైర్ల వైపు చూస్తున్నారు. పడమట మొగులు నల్లగా దిగుతోంది.

గంగాధరప్ప స్కూటరు మీద వచ్చాడు. కారు తేలేదు. రామసుబ్బమ్మ లేచి ఎదురుపోయింది.

“వదినా, నేను చేయగలిగింది చేసినా” అన్నాడు.

“ఏం చేసినావు?”

“నువ్వు చూసినావు కదా.”

“సూసినా. చెయ్యి ఎత్తినావు. బాగుండె. ఊరంతా ఒక పక్క, నువ్వు ఒక పక్క. ఇంటికి పోయి నిద్రపోయినావా? పట్టి ఉంటాది నిద్ర. మంచోడివైపోయినావు కదా.” ఆమె గొంతు పెంచలేదు. “నా అనుమానం తప్పే. నువ్వు ఏరోప్లేను కోసం ఇండ్లు కూల్చేవాడివి కావు. అయితే ఏమి? ఇల్లు కూలుతాంటే, కూల్చేవాడు చెడ్డోడైనా, నిలబడి చూసేవాడు మంచోడైనా, నా మగ్గానికి ఏం తేడా?”

“ఓట్లు లేవు వదినా. చట్టం ఉండాది.”

“తూములో రాళ్లు పోసినప్పుడు చట్టం యాడుండె? యుద్ధంలో నీకు ఆర్డరిచ్చేముందు ఓట్లేయించినారా?”

వీధి అంతా వింటోంది. రామసుబ్బమ్మ సుజాత వైపు తిరిగింది.

“అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. వాన వచ్చి ఇండ్లు మునుగుతాండాయంటే, పూడిన తూము తెరిచేకి కూడా మీటింగు పెట్టి చేతులు ఎత్తల్లా?”

సుజాత చైర్మన్ వైపు చూసింది. పోలీసుల వైపు చూసింది. చేతిలోని ఫైలు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది.

“అక్కర్లేదు” అంది చివరికి. “ప్రమాదం ముంచుకొస్తే చైర్మన్ అప్పటికప్పుడు చెప్పొచ్చు. తర్వాత కౌన్సిల్‌కు చెప్పుకోవచ్చు. చైర్మన్ గారికి తెలుసు. నిన్న సాయంత్రం నేనే చెప్పినా.”

రోట్లో చిన్నక్క పచ్చడిబండ ఆగింది.

“తెలుసునా?” అంది రామసుబ్బమ్మ.

“తెలుసు” అన్నాడు గంగాధరప్ప. కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నాడు. “కౌన్సిల్ మాట కాదని చెప్తే నన్ను దించుతారు వదినా. దించడమే కాదు. సొంత విమానాన్ని కూల్చినోడని ఊరు అంటాది. అది... దాన్ని నేను తట్టుకోలేను అనుకున్నా.”

అతను ఈ మాట ఆమెతో కాక గోడ పక్కన ఉన్న కేశవులుతో అన్నట్టు అన్నాడు.

కేశవులు గోడ వదిలిపెట్టాడు. మెల్లగా ఇంట్లోకి పోయాడు. బయటికి వచ్చినప్పుడు భుజం మీద గడ్డపార ఉంది. పెండ్లాం ముందునుంచి, చైర్మన్ ముందునుంచి, కూర్చున్న ఆడవాళ్ల నడుమనుంచి దారి చేసుకొని నడిచాడు. జేసీబీ డ్రైవరు తల బయటికి పెట్టి “ఏమన్నా, యాడికి?” అన్నాడు.

“ఆ రాళ్లు నేను పోసినవి” అన్నాడు కేశవులు. “తీసేకి పోతాండా.”

ఇంకేమీ అనకుండా సర్కిల్ వైపు తిరిగాడు. చిన్నక్క తన మొగుడి వైపు చూసింది. “నీ చేతులకు చప్పట్లు తప్ప ఇంకేమీ రాదా?” అంది. ఆ మొగుడు తల వంచుకొని పార వెతుక్కుంటూ లోపలికి పోయాడు. ఇంకో ఇద్దరు కదిలారు. శశి పడుగులు వాళ్ల ఇండ్లలో మగ్గాల మీదే ఉన్నాయి. రేపు ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు.

మొదటి చినుకు రామసుబ్బమ్మ మోచేతి మీద పడింది. ఆమె దాన్ని వెనక చేత్తో తుడిచి, చైర్మన్ స్కూటరు హ్యాండిలు గట్టిగా పట్టుకుంది.

“నలుగురు మగోళ్లు గడ్డపారలతో తవ్వితే వాన ఆగి చూస్తాదా? నాకు నీ మంచితనం వద్దు. నీ చెయ్యి ఎత్తేదీ వద్దు. నువ్వు దిగిపోతే దిగిపో, తిట్టించుకుంటే తిట్టించుకో, మేము కూడా తిట్టించుకుంటాము నీతో పాటు. ఆర్డరు రాసి ఆ ఇంజనీరమ్మ చేతికియ్యి. ఏరోప్లేను దించు. దిమ్మె పగలగొట్టు. తూము తెరువు. వంకలో కట్టిన ఆ శశి గోడ కొట్టెయ్యి. రేపు కాదు, మీటింగు పెట్టి కాదు. గుంతల్లోకి నీళ్లు రాకముందు, ఈ పొద్దు, ఇప్పుడు. చెప్పప్పా ఆ డ్రైవరుకు, బండి తిప్పమని చెప్పు!”